ఒక్క క్షణపు తెలివి



నేడు నేను ప్రస్తావింపబూనిన విషయము మీకు క్రొత్తది కాదు. ఏండ్ల తరబడి మన కన్నుల యెదుటనే యుండియు మనకు తెలియని సంగతి యొకటి ఒకానొక నాడు, ఒకానొక క్షణమున, తటాలున తెలియవచ్చును. ఆ క్షణమునకు ముందు మనమొక త్రోవను నడచుచుందుము. తరువాత ఆ త్రోవను నడువ మనసొప్పదు. దీనిని పండితులు స్ఫురణమనియు, జ్ఞానోదయమనియు అందురు. పల్లెలలో కనువిప్పు అందురు. పల్లెమాటయే మేలైనదని నా తలంపు. ఏలయన, చూడవలసిన వస్తువు అంతకు ముందే యున్నదనియు, మూసికొని యున్నవి మన కన్నులే యనియు ఆ మాట స్పష్టముగా చెప్పుచున్నది.

వేదాంతగ్రంథములలో దీనికి దృష్టాంతముగా ఒక కథ కలదు. దానికి దశమన్యాయమని పేరు. పదిమంది అమాయకులు ఏఱు దాటి ఆవలి గట్టు చేరిరి. అందఱును క్షేమముగా వచ్చితిమా యని లెక్క చూచుకొనిరి. లెక్కించిన ప్రతివాడును తన్ను విడిచి తక్కినవారిని లెక్కించెను. తొమ్మండుగురే తేలిరి. పదియవవాడు ఏటిపాలయ్యెనని అందఱును ఏడ్చుచుండగా బాటసారి యొకడు వచ్చి లెక్కించి, ఆ పదియవవాడవు నీవే యని చూపెను. ఏడ్పు ఆగినది. వారికి క్రొత్తగా లభించిన దేమియు లేదు. లెక్కలో విడిచినదానిని చేర్చుకొనుటయే వారికి కలిగిన జ్ఞానము.

ఈ కథను గురుముఖమున విన్ననాడు నేను నవ్వితిని. లెక్కలో తన్ను విడిచినవాడను నేనే యని తెలిసికొనుటకు నాకు మఱి కొన్నియేండ్లు పట్టినది. ఆ సంగతి మొదట మనవి చేసెదను. పిమ్మట ఇట్టి తెలివి ఎట్లు కలుగును, కలిగినది నిజమైనదో కాదో ఎట్లు పోల్చుకొనవలెను, కలిగిన పిదప ఏమి చేయవలెను అను మూడు విషయములను విన్నవించెదను.

అది 1986వ సంవత్సరము వేసవి. నేను భాషాప్రవీణ పరీక్షయందు ఉత్తీర్ణుడనై, రాయలసీమలో పెన్నయొడ్డున నున్న ఒక పల్లెలో తెలుగు పండితుడనుగా నుంటిని. అప్పటికి నాకు ఇరువదియాఱేండ్లు. వ్యాకరణసూత్రములు కంఠస్థములు, లోకము మాత్రము అపరిచితము. ఒంటిపూట బడి దినములగుటచే ప్రొద్దున ఏడున్నరకే గంట కొట్టుచుండిరి. ఆఱవ తరగతి పిల్లవాడొకడు దినదినము ఆలస్యముగా వచ్చుచుండెను. కారణమడిగినచో, “నీళ్లయ్యవారూ” అని తల వంచుకొనువాడు. ఆ యొక్క మాటతో నాకు తృప్తి కలుగలేదు. “నీళ్లు అందఱకును కావలెను. అందఱును వేళకు వచ్చుచున్నారు కదా?” అని నేను తర్కము చెప్పితిని. తర్కము నిర్దుష్టముగా నున్నదని సంతోషించితిని కూడ. ఒకనాడు తరగతియంతటి యెదుట, “వేళ యెఱుగనివానికి విద్య యేల?” అని వానిని వాకిట నిలువబెట్టితిని. మఱునాటినుండి వాడు బడికి రాలేదు.

నాలుగైదు దినములు గడచినవి. ఆదివారమునాటి ఉదయము నేను ఏటివైపు నడచి పోయితిని. వేసవిలో పెన్న యనగా ఇసుకయే. ఆ యిసుకలో అచ్చటచ్చట జనులు చెలమలు త్రవ్వుకొని నీరు తెచ్చుకొనుచుందురు. ఒక చెలమ యొద్ద ఆ పిల్లవాడు గొంతుకూర్చుండి, కొబ్బరిచిప్పతో నీరు తోడి కడవలో పోయుచుండెను. ప్రక్కను మఱి మూడు కడవలు ఖాళీగా నుండెను. తోడిన చిప్పెడు నీరు మరల ఊఱువఱకు వాడు చేతులు ముడుచుకొని కాచుకొని యుండవలసి వచ్చుచుండెను. తల్లి తెల్లవాఱకమునుపే కూలికి పోవుననియు, ఆ నాలుగు కడవలును నింపి యింటికి చేర్చినగాని వాడు బడికి కదలుటకు వీలులేదనియు తరువాత తెలిసినది.

నన్ను చూచి వాడు లేచి నిలువబడెను. నేను ఇసుకలో చాల దూరము నడచి దప్పిగొని యుంటిని. కొంచెము నీళ్లిమ్మని యడిగితిని. వాడు చిప్పను ముంచబోయి యాగి, “మొదుటి నీళ్లు బురదయ్యవారూ, పారబోయల్ల. కాసేపుండండి, తేట నీళ్లు ఊరతాయి” అనెను. అడుగునున్న మడ్డినీరు తోడి పారబోసెను. కొంత సేపటికి ఇసుక ప్రక్కలనుండి నీరు చెమ్మగిలి, చేరి, తేటపడినది. వాడు చిప్పను కడిగి, నిండ ముంచి, రెండుచేతులతో నాకు చూపెను.

నేను చేయి చాపితిని. చాపిన చేయి ఒక్క లిప్తకాలము ఆగినది. నేను పెరిగిన యింట ఆ వీధివారి చేతి నీరు పుచ్చుకొను వాడుక లేదు. నేను నోటితో ఒక్క మాటయు ననలేదు. ఐనను వాడు కనిపెట్టెను. చిప్పను ఇసుకలో కుదురుగా నిలిపి, నేను వంగి తీసికొనుటకు వీలుగా రెండడుగులు వెనుకకు జరిగి నిలిచెను. వాని ముఖమున కోపము లేదు, దుఃఖమును లేదు. చినుకు పడగానే చూరు క్రిందికి జరిగినట్లు జరిగెను.

నేను నీరు త్రాగి, చిప్పను అచ్చటనే యుంచి వెనుదిరిగితిని. పదిపండ్రెండడుగులు నడచితినో లేదో, తటాలున తోచినది. ఈ పిల్లవానికి నేను సంవత్సరమంతయు సంధులు చెప్పితిని. వానికి ఒక్కటియు రాలేదు. రెండడుగులు వెనుకకు జరుగవలెనను పాఠము నేనెన్నడును చెప్పలేదు. అది వానికి తప్పు లేకుండ వచ్చినది. నేను చెప్పిన పాఠము వానికి అంటలేదు. నేను చెప్పని పాఠమును వాడు నా వంటివారినుండియే నేర్చెను. మఱి నేను బోధించుచున్న దేమి?

వెంటనే మఱియొక సంగతి తోచినది. నేనున్న గదికి ముప్పది యడుగుల దూరమున ఊరి బావి కలదు. దానిలో నీరున్నది. ఆ వీధివారు ఆ బావి చెంతకు వచ్చు వాడుక లేదు. అందఱకును నీళ్లు కావలెనని తర్కము చెప్పిననాడు ఈ సంగతి నా లెక్కలో లేదు. అంటరానితనమును పాటించుటను శిక్షార్హమైన నేరముగా చేసిన చట్టము 1955లోనే వచ్చినది. అది నాకు తెలియనిది కాదు. కాని చట్టము తెలియుట వేఱు, ఆ రెండడుగుల దూరము తెలియుట వేఱు.

వెనుకకు పోయి ఆ బాలునితో ఏమైన అనవలెనని తోచినది. సిగ్గు అడ్డు వచ్చి పోలేదు. మఱునాటి ప్రొద్దున పోయి, “నాయనా, నీ చేతితోనే పోయుము” అని దోసిలి పట్టితిని. వాడు నా ముఖము చూచెను. పిమ్మట గట్టువైపు చూచెను. ఎవ్వరును లేరని నిశ్చయించుకొని అప్పుడు పోసెను. ఎప్పుడు వచ్చినను సరే, బడికి రమ్మంటిని. వాడు పది దినములు వచ్చెను. పదునొకండవ దినమున రాలేదు. నేను తండ్రి కడకు పోయితిని. అతడు వానిని ఒక ఆసామి గొఱ్ఱెల మందకు జీతమునకు కుదిర్చి, ముందుగా కొంత రొక్కము పుచ్చుకొని యుండెను. “మీరు వద్దన్నారంటనే కుదిర్చినా నయ్యవారూ. ఇప్పుడు మాట తప్పేదెట్ల?” అని వినయముగా అడిగెను. నా యొద్ద సమాధానము లేదు. ఆ పిల్లవాడు మరల బడికి రాలేదు.

కనువిప్పు నాకు కలిగినది. వెల చెల్లించినవాడు వాడు. ఈ మాటను మీరు గుర్తుంచుకొన వేడెదను. మరల దీనికి వచ్చెదను.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఇట్టి తెలివి ఎట్లు కలుగును? ఆకాశమునుండి ఊడిపడునని కొందఱు తలతురు. చెలమను చూచినచో అట్లు కాదని తెలియును. ఏటి పైభాగము ఎండియున్నను, ఇసుక లోపల నీరు నిలిచి మెల్లగా కదలుచుండును. పైనున్న ఇసుక ఎండవేడిమిని దానికి చేరనీయదు. గుంట త్రవ్వినప్పుడు మనము నీటిని పుట్టించుట లేదు. లోపలి నీరు చేరుటకు చోటు కల్పించుచున్నాము. చేరిన నీరు కంటబడుట ఒక్క క్షణము. చేరుటకు మాత్రము చాలకాలము పట్టును.

శాస్త్రజ్ఞులును తమ అనుభవమును ఇట్లే చెప్పియున్నారు. హెన్రీ పాంకరే యను ఫ్రెంచి గణితవేత్త (1854–1912) ఒక కఠినమైన ప్రశ్నతో పక్షము దినములు పెనగులాడెను. దినదినము బల్లయెదుట కూర్చుండి ఎన్నియో విధముల ప్రయత్నించెను. కొంత తేలినది, కొంత తేలలేదు. పిమ్మట భూగర్భశాస్త్రసంబంధమైన యాత్రయొకటి తటస్థింపగా గణితమును మఱచి ప్రయాణమై పోయెను. కుటాన్స్ అను ఊర బండి యెక్కుచు మెట్టుపై కాలు మోపిన క్షణమున, ఏ ఆలోచనయు చేయకుండగనే కావలసిన సంగతి స్ఫురించినది. బండిలో ప్రక్కవారితో సంభాషణ సాగించుచునే యుండెను. కాని తనకు తెలిసినది నిశ్చయమని తోచెను. అంతటితో ఊరకుండక, ఇల్లు చేరిన పిదప తీఱికగా లెక్క వేసి సరిచూచుకొనెను. ఈ వృత్తాంతము 1908లో వెలువడిన ఆయన గ్రంథమున కలదు.

దీనిని, ఇటువంటి మఱికొన్ని వృత్తాంతములను పరిశీలించి, గ్రహాం వాలస్ అను ఆంగ్లేయుడు 1926లో ఒక గ్రంథము వ్రాసి, ఇట్టి తెలివికి నాలుగు దశలు చెప్పెను. వానిని నేను చెలమ భాషలో చెప్పుదును. మొదటిది త్రవ్వుట. రెండవది ఊఱనిచ్చుట, అనగా చేయి వెనుకకు తీసి కాచుకొనుట. మూడవది తేటనీరు కంటబడుట. నాలుగవది త్రాగి చూచి తీపియో ఉప్పో నిర్ణయించుట. లోకము మూడవదానిని మాత్రమే కథగా చెప్పుకొనును. త్రవ్వినవాని చేతి బొబ్బలు కథలోనికి రావు.

గణితమున నిట్లుండగా, మనుష్యుని నడవడియందును ఇదే క్రమము కనబడుచున్నది. 1893 జూన్ 7వ తేదీ రాత్రి, దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనులో, ఇరువదిమూడేండ్ల గాంధీ యను బారిష్టరును, మొదటి తరగతి టిక్కెట్టుండగనే, రైలుబండినుండి క్రిందికి త్రోసిరి. అది చలికాలము. కోటు సామానులో నున్నది. సామాను రైలువారి స్వాధీనమందున్నది. అడిగినచో మరల అవమానింతురేమో యని అడుగక, చలిలో వణకుచు రాత్రియంతయు కూర్చుండెను. ఇంటికి మరలిపోవుటయా, వచ్చిన పని మాత్రము చూచుకొని పోవుటయా, నిలిచి ఈ రోగపు మూలమును ఎదుర్కొనుటయా యని యోచించి, నిలుచుటకే నిశ్చయించెను. ఒక వ్యాజ్యము నిమిత్తము ఒక సంవత్సరమునకై పోయినవాడు నడుమ రాకపోకలున్నను 1914 వఱకు ఆ దేశమున పనిచేసెను.

అట్టి అవమానము అచ్చట ఆయన యొక్కనికే జరిగినది కాదు. 1860 నుండి నేటాలు చెఱకుతోటలకు ఒప్పందపు కూలీలుగా పోయిన మనవారిలో తెలుగువారును పెక్కుమంది కలరు. వారు అంతకు మించిన బాధలు పడిరి. మఱి గాంధీకి ఆ రాత్రి అంత తీవ్రముగా నేల తోచినది? ఆయన స్వీయచరిత్రలోనే దీనికి జవాబు కొంత కలదు. అంతకుముందే రాజకోటలో ఒక తెల్లదొర ఆయనను జవానుచేత తన గదినుండి వెలుపలికి పంపించెను. ఆ అవమానమును పెద్దల సలహాపై ఆయన దిగమ్రింగెను. దిగమ్రింగినది లోపలనే యుండి ఊఱినది. మారిట్జ్‌బర్గులో అది పైకి కనబడినది. నాటి రాత్రి త్రవ్వుటకు మొదలు కాదు. త్రవ్వినచోట నీరు తేటపడిన వేళ.

నా చిన్న సంగతియు నిట్టిదే. చేయి చాపగానే ఆగిన ఆ లిప్త నా బ్రతుకున మొదటిది కాదు. బాల్యమునుండి అట్లు ఆగుచునే యున్నది. ప్రతిసారియు లోపల ఏదో కలుక్కుమనుచునే యున్నది. దానికి నేను శాస్త్రమును కప్పుచు వచ్చితిని. ఆ పిల్లవాడు ఆ కప్పును తీసెను.

రెండవ ప్రశ్న. తోచినదెల్ల నిజమగునా? కాదు. ఇక్కడ మిక్కిలి జాగ్రత్త కావలెను. ఒక యేడు వానకాలమున నా గొడుగు కనబడలేదు. తరగతిలో నొక పిల్లవానిని చూడగానే, వీడే తీసినాడని మెఱుపు మెఱిసినట్లు తోచినది. వాడు నా వంక చూడకుండుట, త్వరగా ఇంటికి పోవుట, అన్నియు అందులకు సాక్ష్యములుగా అమరినవి. నిశ్చయమన్న నిశ్చయము! నోరు తెఱచి వానిని అడుగకముందే సాయంకాలము ఇంటికి పోయి చూతును గదా, గొడుగు మా దూలమునకే వ్రేలాడుచుండెను. ఏటియొడ్డున నాకు కలిగిన నిశ్చయమునకును, ఈ గొడుగు విషయమై కలిగిన నిశ్చయమునకును మనస్సులో రవ్వంతయు భేదము లేదు. రెండును ఒక్కటే వెలుగు వెలిగినవి. కావున, గట్టిగా తోచినది కనుక నిజమనుట చెల్లదు. పాంకరే యంతటివాడు ఇల్లు చేరి లెక్క సరిచూచుకొనుటలోని వివేకము ఇదియే.

నా అనుభవమున నాకు తెలిసిన గుర్తు ఒకటి మనవి చేసెదను. తోచిన తెలివి ఎవరి తప్పును చూపుచున్నదో గమనింపుడు. ఎదుటివాని తప్పును చూపి నన్ను గద్దెపై కూర్చుండబెట్టు తెలివిని నేను మూడు దినములు నమ్మను. నా తప్పును చూపి, నాకు పని కల్పించు తెలివిని మాత్రము ఆలకింతును. దశమన్యాయమున బాటసారి చూపినదియు నిదియే: లెక్క తప్పినచోట లెక్కించువాడున్నాడు. ఈ గుర్తు ఎల్లప్పుడును తప్పక సరిపడునని చెప్పను. కాని దీనిని పాటించుటచే నాకు నష్టము కలుగలేదు. పెక్కుమంది పిల్లలు అపనింద తప్పించుకొనిరి.

ఇక మూడవ ప్రశ్న, అన్నిటికంటె ముఖ్యమైనది. తెలివి కలిగిన పిదప ఏమి చేయవలెను? దీనికి రెండు వృత్తాంతములు చెప్పెదను. ఒకటి మిక్కిలి ప్రాచీనము, రెండవది మనలో వృద్ధులకు జ్ఞాపకమున్నది.

క్రీస్తుపూర్వము 261 ప్రాంతమున అశోకచక్రవర్తి కళింగమును జయించెను. ఆ యుద్ధమున లక్షమంది చంపబడిరనియు, లక్షయేబదివేలమంది చెఱగొనిపోబడిరనియు, అంతకు ఎన్నోరెట్లు మరణించిరనియు, దానికి తాను పశ్చాత్తాపము పొందితిననియు ఆయనయే పదమూడవ శిలాశాసనమున చెప్పించెను. గెలిచిన రాజు తన గెలుపును దుఃఖముగా రాతిపై చెక్కించుట అపూర్వము. ఈ శాసనములున్న చోట్లలో మన కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి యొకటి. ఐతే గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఆ పదమూడవ శాసనము కళింగదేశపు శాసనస్థలములైన ధౌళి, జౌగడలలో లేదు. దానికి బదులు అచ్చట వేఱు శాసనములు చెక్కించిరి. వానిలో, ప్రజలందఱును తన బిడ్డలవంటివారనియు, అధికారులు ఎవ్వరిని అకారణముగా బంధింపరాదు, బాధింపరాదనియు ఆజ్ఞలు కలవు.

దీనికి చరిత్రకారులు చెప్పు కారణములు ఎట్లున్నను, నాకు తోచినది చెప్పుదును. దూరముననున్న మనకు రాజు పశ్చాత్తాపము గొప్పగా కనబడును. తండ్రిని, బిడ్డను పోగొట్టుకొన్న కళింగునికి అది కూడు పెట్టదు. రేపటినుండి అధికారి తన్ను ఎట్లు చూచుననునదే అతనికి కావలసిన సంగతి. మనకు కలిగిన కనువిప్పును మనము వర్ణించుకొనవచ్చును; గాయపడినవాని యెదుట వర్ణన పనికిరాదు. వాని యెదుట నడవడియే మాటాడవలెను.

రెండవది పోచంపల్లి సంగతి. తెలంగాణమున భూమికొఱకు సాయుధపోరాటము జరిగి, గ్రామములు భయముతో నున్న కాలము. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావే పాదచారియై నాటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లికి వచ్చెను. అచ్చటి హరిజన కుటుంబములు నలువది, బ్రతుకుతెఱువునకు ఎనుబది ఎకరముల భూమి కావలెనని ఆయనను అడిగిరి. ప్రభుత్వమునకు వ్రాయుదునని మొదట తలచినను, ఊరివారిలో ఎవరైన ఇయ్యగలరా యని ఆయన సభలోనే అడిగెను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూఱు ఎకరములు ఇత్తుననెను. అడుగువాఱును ఇచ్చువాఱును ఒకే ఊరివారు. అడుగవచ్చునని మాత్రము అంతవఱకు ఎవ్వరికిని తోచలేదు. అదియే భూదానమునకు మొదలు. ఆ గ్రామమునకు నేడు భూదాన్ పోచంపల్లి యని పేరు.

ఆ దినమున తోచినది ఆ దినముతో ముగియలేదు. వినోబా పదుమూడేండ్లు దేశమంతయు నడచి భూమి నడిగెను. నలువది లక్షల ఎకరములకు పైగా దానముగా పలికిరి. ఐనను పలికినదంతయు పేదలకు చేరలేదు. కొంత ఱాతినేల, కొంత తగవులలో చిక్కిన నేల, కొంత కాగితములకే పరిమితమైనది. మాట యిచ్చుట ఒక్క క్షణము. కొలిచి, హద్దురాళ్లు నాటి, పట్టా చేతికిచ్చుట ఏండ్ల పని. ఆ రెండవ పనికి సభలు కూడవు, చప్పట్లు ఉండవు. అందుచేతనే అది వెనుకబడును.

ఇంతటి మహనీయుల ప్రక్కన నా మాట చెప్పుట సాహసమే. కాని చిన్న చెలమకును పెద్ద చెలమకును న్యాయమొక్కటే కనుక చెప్పుచున్నాను. నేను బడిలో రెండు మార్పులు చేసితిని. ఆలస్యముగా వచ్చినవానిని వాకిట నిలుపుట మానితిని. కారణమును వాని యింటికి పోయి కనుగొనుట మొదలుపెట్టితిని. తరగతిగదిలో ఒక్క కుండ, ఒక్క లోటా పెట్టితిని. దినమునకొక్క పిల్లవాడు వంతుచొప్పున నీరు ముంచి ఇచ్చును. మొదటి లోటా నేను త్రాగుదును. వంతు అన్ని వీధులవారికిని వచ్చును. కొందఱు పెద్దలు కోపించిరి. నలుగురు పిల్లలను బడి మాన్పించిరి. వారము పదిదినములకు వారును వచ్చిరి. దప్పి యెవరిని విడుచును?

ఇది నా ఘనతగా చెప్పుట లేదు. ఊరి బావి మాటను నేను ఎత్తలేదు. ఎత్తవలెనని రెండేండ్లు అనుకొనుచునే యుంటిని. అంతలో ఆ వీధిలో ప్రభుత్వమువారు చేతిపంపు వేయించిరి. ఇక నేను మాటాడ నక్కఱలేదని లోలోపల ఊఱట చెందితిని. ఆ ఊఱటను తలచుకొన్నచో నేటికిని నాకు సిగ్గగును. నా కనువిప్పు కుండదాకనే పోయినది, బావిదాక పోలేదు.

అంతియేకాదు. ఒంటిపూట బడులు ముగిసి, వానలు పడి, మరల పాఠములు మొదలైన కొన్ని నెలలకే మఱియొక పిల్లవానిని, ప్రశ్నకు జవాబు రాలేదని, తరగతి నవ్వునట్లు ఎగతాళి చేసితిని. మాట నోటినుండి జారిన పిదప వాని ముఖము చూచితిని. ఏటియొడ్డున చూచిన ముఖమే! కలిగిన తెలివి ఎక్కడికి పోయినది? ఆ చెలమలను త్రవ్వుకొనువారిని అడిగినచో చెప్పుదురు. రాత్రి గాలికి ఇసుక రాలును; పశువుల కాలిగిట్టలకు ప్రక్కలు విఱిగి పడును. తెల్లవాఱుసరికి చెలమ పూడిపోవును. నిన్న త్రవ్వితిమి కదా యని కడవతో పోయినవానికి ఇసుకయే కనబడును. నీరు మాత్రము క్రిందనే యున్నది. దినదినము మరల త్రవ్వవలెను. దినదినము మొదటి మడ్డినీరు పారబోయవలెను.

మొట్టమొదటి త్రవ్వకముకంటె తరువాతి త్రవ్వకము సులభము. ఇది యొక్కటే మనకు కలుగు లాభము. నీరెక్కడ నున్నదో తెలియును.

మహాశయులారా! మీలో పెక్కురు నాకంటె పెద్దలు. ఇట్టి క్షణములు మీ జీవితములలో ఒకటి రెండైనను ఉండకపోవు. పాలు పంచుకొన్ననాడో, పంట పోయిననాడో, తల్లిని కాటికి సాగనంపిననాడో, ఏదో ఒక సంగతి మీకు తెలిసియుండును. మనుమలకు మీరు ఊరి కథలు చెప్పునప్పుడు ఈ కథలను కూడ చెప్పుడు. చెప్పునప్పుడు రెండు సంగతులను దాచకుడు. ఆ తెలివికి వెల చెల్లించినవారెవరు? తెలిసిన పిదపయు మనము చేయక విడిచిన దేమి? ఈ రెండును చేర్చి చెప్పినచో కథ మనకు కొంత చిన్నతనమైనను, విన్న పిల్లలకు త్రోవ తెలియును. అవి విడిచి చెప్పినచో, పదియవవానిని విడిచిన లెక్కయే యగును.

ఆ గొఱ్ఱెలకాపరిని నేను తరువాత ఒక్కసారి చూచితిని. ఏడెనిమిదేండ్లు గడచియుండెను. మంద వెంట పోవుచు, నన్ను గుర్తించి, ముఖము వికసింపగా, “బాగుండారా అయ్యవారూ?” అని పలుకరించి, బాట వదలి ప్రక్కకు జరిగెను. ఎన్ని యడుగులు జరిగెనో నేను లెక్కించితిని. రెండే.

నేనును బాట వదలి వాని ప్రక్కకు పోయి, చేయి పట్టుకొని, మంద ఏటిలోనికి దిగువఱకు కలసి నడచితిని. అది ఆలస్యముగా చేసిన చిన్న పని. ఐనను చేయకుండుటకంటె మేలని తోచినది. ఆ తోచినదానిని మాత్రము నేను మూడు దినములు ఆపలేదు.